నాలుగు డబ్బాల సముద్రం

మోటారు ఎందుకు కాలిందో వాసన చూసి చెప్పగలను నేను. గొప్పలు పోతున్నాడనుకుంటే అనుకోండి, నాకేం నష్టం లేదు. కంగ్టి నుంచి కల్హేర్ దాకా ఏ రైతు బోరు మోటారు కాలినా నారాయణఖేడ్ బస్టాండు వెనకున్న నా వైండింగ్ దుకాణానికే వస్తుంది. మూత విప్పి ముక్కు దగ్గర పెట్టుకున్నానంటే, ఓల్టేజీ తక్కువై కాలిందా, బోర్లో నీళ్లు లేక ఉత్తగా తిరిగి కాలిందా, అక్కడికక్కడే చెప్పేస్తాను. ఇంతటి ఎల్లప్పకు తొంభైమూడు ఎండాకాలంలో, సొంత ఇంట్లో, రెండడుగుల అద్దాల తొట్టి ఎందుకు చస్తోందో రెండు నెలలు అంతుపట్టలేదు.

ఆ తొట్టి మా తమ్ముడు మొగులయ్యది. పదిహేనేళ్లప్పుడు ఇంట్లో చెప్పకుండా బొంబాయి పోయినవాడు, పన్నెండేళ్లకు, శివరాత్రి వెళ్లిన నాలుగో రోజున బస్సు దిగాడు. ఈ పన్నెండేళ్లలో మూడంటే మూడు ఉత్తరాలు. బొంబాయి నుంచి వచ్చేవాళ్లు చీరలు తెస్తారు, టేపురికార్డర్లు తెస్తారు. మావాడు ఒడిలో ఖాళీ అద్దాల తొట్టి పెట్టుకుని, బస్సు మీద నాలుగు డబ్బాల నీళ్లు వేయించుకుని, కాళ్ల దగ్గర మూతబెట్టిన బకెట్టు ఒకటి పట్టుకుని వచ్చాడు. డబ్బాలు దించే హమాలీ "ఏందన్నా, పల్లినూనెనా" అని అడిగితే, "సముద్రం" అన్నాడు. హమాలీ నా మొహం చూశాడు. నేను బస్సు టైర్లు చూస్తూ నిలబడ్డాను.

గుమ్మంలో మా అమ్మ భీమమ్మ కొడుకును కిందినుంచి మీదిదాకా చూసింది. ఏడ్చి ఇల్లు ఎగరగొడుతుందనుకున్నాను. "తిన్నవా బిడ్డా" అని మాత్రం అడిగి లోపలికి పోయి పొయ్యి ముట్టించింది.

బకెట్లో ఉన్నది ఒక బండరాయి. దాని నిండా బొడిపెలు, నాలుగైదు నత్తలు, వేలెడంత చారల చేపలు రెండు. బొంబాయిలో మావాడు ఒక సేటు ఇంట్లో సముద్రపు తొట్టి చూసుకునే పని చేశాడట. ఆ చలికాలంలో మతాల మధ్య పెద్ద గొడవలయ్యాక సేటు కొంతకాలం ఇల్లు మూసి ఊరికి పోతే, వీడు సముద్రపు ఒడ్డు బండల్లో దొరికిన ఈ రాయిని తీసుకుని ఇంటిదారి పట్టాడు.

"పగడం అన్నా ఇది. నగల పగడం గాదు, మెత్త పగడం. పానం ఉంటది దీనికి" అన్నాడు.

"రాయికి పానమేందిరా" అన్నాను నేను.

జవాబు మూడో రోజు పొద్దున వచ్చింది. కిటికీ పక్క బల్ల మీద తొట్టి, దానిమీద ట్యూబులైటు, పక్కన బుడబుడమని గాలి ఊదే చిన్న మిషను. మేం చాయ్ తాగుతూ ఉండగా రాయి మీది బొడిపెలు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. ఆకుపచ్చ గుండీలు, ప్రతి గుండీ చుట్టూ సన్నని కుచ్చు. నా భార్య నీలమ్మ నోరు తెరుచుకుని చూస్తుంటే పొయ్యి మీద పాలు పొంగి పోయాయి. నేను కూడా చాయ్ చల్లారేదాకా చూశాను, అబద్ధమెందుకు.

వారం తిరక్కుండా ఊరు ఊరంతా వచ్చి చూసిపోయింది. ఒకరోజు అన్నాల దగ్గర అమ్మ అడిగింది, "ఇగ ఈన్నే ఉంటవా బిడ్డా, మల్ల పోతవా" అని.

మొగులయ్య చాలాసేపు అన్నం కలిపాడు. "గవి బతికితే ఉంట అవ్వా. గీ ఎండల గవి బతికితే నేను గూడ బతుకుత. గవి సస్తే పోత."

వాడు బెదిరించలేదు. ఎవరో వేరేవాడి సంగతి చెప్పినట్టు చెప్పాడు. అమ్మ తల ఊపి, వాడి కంచంలో ఇంకో రొట్టె వేసింది.

తొట్టికి ఒక నియమం ఉంది. ఎండకు నీళ్లు ఆవిరైపోతాయి గానీ ఉప్పు పోదు. కాబట్టి తగ్గినంత మేర ఉత్త మంచినీళ్లే పోయాలి. నీలమ్మ గోళ్లరంగుతో అద్దం మీద ఎర్రగీత గీశాడు మావాడు. రోజూ పొద్దున ఆ గీత దాకా పోయాలి, అదీ పెరట్లో నీలం ప్లాస్టిక్ డ్రమ్ములో ఒకరోజు నిలవున్న నీళ్లు. వాడు నాతోపాటు దుకాణానికి రావడం మొదలుపెట్టేసరికి ఆ పని ఎవరిదన్న మాట వచ్చింది.

"నేను పోస్త" అంది అమ్మ. "పన్నెండేండ్లు నీకు తానానికి ఇన్ని నీళ్లు పోసింది లేదు. నీ రాయికన్న పోస్త."

ఉగాది దాకా బాగానే నడిచింది. ఆ తర్వాత మొదట ఒక నత్త అద్దం మీదినుంచి జారి వెల్లకిలా పడింది. రెండు రోజులకు ఇంకోటి. తర్వాత రాయి అంచున ఉన్న గుండీలు ముడుచుకున్నాయి, మళ్లీ తెరవలేదు. వాటి మీద బూడిదరంగు పొర కట్టింది. చేపలు రెండూ మాత్రం పెళ్లివారింట్లో పిల్లల్లాగా అటూ ఇటూ ఉరుకుతూనే ఉన్నాయి. మొగులయ్య పొద్దున లేవగానే తొట్టి ముందు కూర్చునేవాడు. వాడి వెనక నిలబడి అమ్మ వాడి మొహం చూసేది.

"నువ్వు పరేషాన్ గాకు, నేను చూస్త" అన్నాను. అనడానికి నాకేం, ఎప్పుడూ అనేదే.

మొదట కరెంటు మీద పడ్డాను. ఆ ఎండాకాలం కరెంటు వచ్చిందంటే వార్త, పోయిందంటే మామూలు. కరెంటు పోతే గాలి మిషను ఆగుతుంది, గాలి లేక అవి ఉక్కిరిబిక్కిరి అవుతున్నాయని తేల్చాను. పాత ట్రాక్టరు బ్యాటరీకి చిన్న మోటారు కట్టి, ఏ వేళ కరెంటు పోయినా గాలి ఆగకుండా చేశాను. పది రోజులు చూశాం. ఇంకో నాలుగు గుండీలు ముడుచుకున్నాయి.

అయితే ఎండే అన్నాను. తొట్టికి మూడు పక్కలా తడి గోనెసంచులు కట్టి, దుకాణంలోని టేబుల్ ఫ్యాను తెచ్చి నీళ్ల మీదికి తిప్పాను. నీలమ్మ చూసి, "పెండ్లయి పదేండ్లాయె, నా దిక్కు ఒక్కనాడు తిప్పలే ఫ్యాను" అంది. నీళ్లు చల్లబడ్డ మాట నిజమే. కానీ గాలికి ఇంకా తొందరగా ఆవిరయ్యాయి. రెండు చెంబులు పోసే అమ్మ నాలుగు పోయాల్సి వచ్చింది. గుండీలు బాగుపడకపోగా ఇంకా తొందరగా ముడుచుకోవడం మొదలైంది. అప్పుడే నాకు బుర్ర వెలగాల్సింది. వెలగలేదు.

ఒక మధ్యాహ్నం దుకాణంలో నేను తీగ చుడుతుంటే మొగులయ్య మెల్లిగా అన్నాడు. "రాగి అన్నా."

"ఏంది రాగి?"

"సేటు తొట్ల ఒకసారి చేపలకు రోగమొస్తే మందు పోసిండ్రు. రాగి మందు. చేపలు బాగైనయ్. పగడం, నత్తలు మొత్తం సచ్చినయ్. ఎముక లేని పానానికి రాగి విషం. ఇప్పుడు మన తొట్టి గూడ గట్లనే ఉన్నది."

వాడు ఎవరి పేరూ ఎత్తలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నా చూపు నా చేతుల మీదికే పోయింది. నిండా రాగితీగల ఎరుపు. గాలి గొట్టం నేనే మార్చాను. ఫ్యాను నేనే తెచ్చాను. గోనెసంచులు నేనే తడిపి కట్టాను.

"అంటే నేను సంపుతున్ననా?" అని కేక వేశాను. చేతిలో ఉన్న తీగచుట్ట గోడకు విసిరాను. "ఇంటికొచ్చిన్నాటి సంది నీ రాయికి ఊడిగం జేస్తున్న, నన్నే అంటవా?"

"నిన్ననలే అన్నా" అన్నాడు వాడు, తల వంచుకుని.

అనకపోతే ఏం, నాకు మిరపకాయ కొరికినట్టయింది. ఆ రోజు నుంచి తొట్టి ఉన్న గదిలో కాలు పెట్టలేదు. దుకాణం బట్టలు పెరట్లోనే విప్పేవాణ్ణి, సబ్బుతో మోచేతుల దాకా కడుక్కునేవాణ్ణి, అన్నం వంటింట్లో గోడకు ఆనుకుని తినేవాణ్ణి. పదిహేను రోజులు నా ఇంట్లో నేను అంటరానివాడినయ్యాను. గుండీలు అలాగే ముడుచుకుంటూ వచ్చాయి. సగం రాయి బూడిదయింది. నా చేతులు కావని తేలినందుకు సంతోషపడాలా, వాడు పోతాడని ఏడవాలా, నాకే తెలియలేదు.

అంతలో కల్హేర్‌లో అమ్మ చెల్లెలి ఇంట్లో పెళ్లి వచ్చింది. అమ్మ ఎనిమిది రోజులు పోయింది. ఆ ఎనిమిది రోజులూ నీలమ్మ తొట్టికి డ్రమ్ములోంచి నీళ్లు పోసింది. ఆరో రోజు పొద్దున నీలమ్మ నన్ను లాక్కుపోయి చూపించింది. రాయి మధ్యలో ఏడెనిమిది గుండీలు సగం సగం తెరుచుకుని ఉన్నాయి. ఇల్లంతా ఊపిరి పీల్చుకుంది. అమ్మ వచ్చి చూసి మురిసిపోయింది. అమ్మ వచ్చిన మూడో రోజుకు అన్నీ మళ్లీ మూసుకున్నాయి.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. మోటారు ఎక్కడ చెడిందో తెలియకపోతే ఒక్కో తీగ విప్పి చూస్తాం. ఏ తీగ విప్పితే బాగుపడిందో దోషం దానిలో ఉన్నట్టు. ఆ ఎనిమిది రోజులు మా ఇంట్లో విప్పిన తీగ మా అమ్మ. ఆ ఆలోచన రాగానే నా మీద నాకే కోపం వచ్చింది, తల్లిని ఇలా లెక్కవేస్తారా ఎవరైనా అని. అయినా మర్నాడు తెల్లవారగానే లేచి వంటింటి తలుపు పక్కన నిలబడ్డాను.

అమ్మకు పుట్టింటివాళ్లు ఇచ్చిన రాగి బిందె ఒకటి ఉంది. రోజూ సాయంత్రం చింతపండు, బూడిద వేసి అద్దంలా తోమి, బోరింగు నీళ్లు నింపి పెడుతుంది. పొద్దున పరగడుపున ఇంటిల్లిపాదీ తాగేవి అవే. వేడి చేయదని, కడుపుకు మంచిదని ఆమె నమ్మకం, మా అందరి నమ్మకం కూడా. ఆ తెల్లవారి అమ్మ ఆ బిందెలోంచి చెంబు ముంచి తీసుకుపోయి తొట్టిలో సన్నధారగా పోసింది. పెరట్లో నీలం డ్రమ్ము మూత పెట్టింది పెట్టినట్టే ఉంది.

పోస్తూ తొట్టితో మాట్లాడుతోంది. "తాగుండ్రి. సల్లగుండుండ్రి. నా కొడుకును గీన్నే పట్టుకోండ్రి."

నాలుగు చెంబులు పోసింది. ప్రతి చెంబుకూ అదే మాట.

వెనక్కి తిరిగితే మొగులయ్య నిలబడి ఉన్నాడు. నా చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాగాడు.

"చూసినవా?" అన్నాను.

"ఆనాడు దుకాణంల రాగి సంగతి నీకు చెప్పకముందే, పొద్దుగాల్నే చూసిన అన్నా."

"మరి నన్నెందుకు ఏడిపిచ్చినవ్ రా?"

"ఎట్ల చెప్పాల్నో తెల్వలే. రాగి అని నీతోని అంటే అవ్వ చెవుల పడి తనంతట తనే ఆపుతదనుకున్న. పడలే. నువ్వు మాట పడతవ్, అవ్వ పడదు." వాడు నీలం డ్రమ్ము మీద చెయ్యి వేశాడు. "అవ్వకు చెప్పకన్నా. పన్నెండేండ్లకు నాకోసం మొదటిసారి చేస్తున్న పని. అది తప్పని ఎట్లంటం? సచ్చిపోతే సచ్చిపోనీ. నేను పోత. ఎండకు సచ్చినయని చెప్దాం."

నాకు వాణ్ణి కొట్టాలనిపించింది, గుండెకు హత్తుకోవాలనీ అనిపించింది. రెండూ చేయలేదు. "దోషం దాచిపెట్టి ఒక్క మోటారు బాగుచేయలే నేను జిందగీల" అన్నాను.

నాలుగో డబ్బాలో బొంబాయి నీళ్లు అడుగున కాసిని మిగిలి ఉన్నాయి. రెండు గాజు సీసాల్లో చెరిసగం పోశాను. ఒకదాంట్లో డ్రమ్ము నీళ్లు కాసిని కలిపాను, ఒకదాంట్లో బిందె నీళ్లు కలిపాను. తొట్టిలో బతికున్న నత్తలు రెండే. ఒక్కో సీసాలో ఒకటి వేసి అమ్మ రోజూ పూలు కోసి పెట్టే కిటికీ గూట్లో పెట్టాను. మొగులయ్య వద్దువద్దంటూనే ఉన్నాడు.

మర్నాడు పొద్దున ఒక నత్త సీసా గోడ మీద పైదాకా పాకి ఉంది. ఇంకోటి అడుగున వెల్లకిలా పడి ఉంది. అమ్మ సీసాలు చూసి ఆగింది.

"గివేంది?"

"ఒకదాంట్ల డ్రమ్ము నీళ్లు గలిపిన, ఒకదాంట్ల బిందె నీళ్లు" అన్నాను.

"సచ్చినదాంట్ల ఏవి?"

నేను వంటింట్లో బిందె వైపు చూశాను. అమ్మ ఆ సీసా తీసి వెలుతురుకు పెట్టి చూసింది. మావాడి మొహం చూసింది. సీసాను మళ్లీ దాని జాగాలో పెట్టింది.

"మనం తాగుతం గద" అంది మెల్లిగా.

"మనకు మంచిదే అవ్వా. గవాటికి పడదు" అన్నాడు మొగులయ్య.

"నీకెరుకనా ముందే?"

వాడు తల ఊపాడు.

"కన్నతల్లికి గీ మాట చెప్పరాకనా బిడ్డా, మల్ల పోతనంటున్నవ్?" అంది. అప్పుడు కూడా ఏడవలేదు. కొంగుతో చేతులు తుడుచుకుంది. "సరే. ఇప్పుడేం జేస్తే బాగైతది?"

"నీళ్లన్ని పారబోసి కొత్తయి పొయ్యాలె. సముద్రం నీళ్లు."

"యాడ దొరుకుతయ్?"

"బొంబాయిల."

"బస్సు ఎన్నింటికి?"

నేను నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయాను. మొగులయ్య, "నేను పోయి తెస్త అవ్వా" అన్నాడు.

"నువ్వొద్దు" అంది అమ్మ. "నువ్వు పోతే రావు. చెడగొట్టింది నేను, నేనే తెస్త."

బీదరు దాటి ఎరగని మనిషి ఆ మధ్యాహ్నమే నాలుగు ఖాళీ డబ్బాలతో, సద్దిమూటతో, నాతో జహీరాబాద్ పోయి బొంబాయి బస్సెక్కింది. దారిపొడుగునా డబ్బాలను కాళ్లతో అదిమిపట్టుకుని కూర్చుంది.

బొంబాయిలో మావాడు రాసిచ్చిన అడ్రసు పట్టుకుని కంగ్టి ఈరయ్య దగ్గరికి పోయాం. మావాడు పనిచేసిన ఆ సేటు బిల్డింగులోనే వాచ్‌మన్. పోటు వచ్చే వేళ చూసి మమ్మల్ని బండల దగ్గరికి తీసుకుపోయాడు. ఆటు మీద మురికి నీళ్లుంటాయట, పోటు మీద ముంచాలట. సముద్రాన్ని నేనూ చూడటం అదే మొదటిసారి. గొప్పలు చెప్పే నేను బండ మీదే నిలబడిపోయాను. అమ్మ మాత్రం చీర కుచ్చెళ్లు దోపుకుని మోకాళ్ల లోతుకు దిగింది. కాసిని నోట్లో పోసుకుని ఉమ్మేసింది.

"గిన్ని నీళ్లుండి ఏం ఫాయిదా, ఒక చెంబు తాగనీకి పనికిరావు" అని, డబ్బా వంచి నింపసాగింది. నన్ను ముట్టుకోనివ్వలేదు. "నీ చేతులకు రాగి ఉంటది" అంది. ఈరయ్య పక్కకు తిరిగి నవ్వాడు.

నాలుగు డబ్బాలూ నింపాక అడిగింది, "నా కొడుకు యాడుండేటోడు?" అని.

ఈరయ్య నా వైపు చూశాడు. తీసుకుపోయాడు. సేటు బిల్డింగు మెట్ల కింద, కరెంటు మీటర్ల పక్కన, గోడకూ మెట్లకూ మధ్య ఒక జాగా. అట్టలు పరిచి ఉన్నాయి. అమ్మ వంగి లోపలికి పోయి కూర్చుంది. తర్వాత పడుకుంది. కాళ్లు చాపితే గోడ తగిలింది. మావాడు అమ్మకంటే తలంత ఎత్తు. ఆమె మోకాళ్లు మడుచుకుని అలాగే పక్కకు తిరిగి పడుకుంది, మేం పిలిచేదాకా లేవలేదు. ఈరయ్య సంజాయిషీ చెబుతున్నట్టు, "సేటు మళ్లొచ్చిండు అవ్వా. మొగులయ్యను రమ్మంటుండు. ఈసారి ఉండనీకి ఖోలీ గూడ ఇస్తడట" అన్నాడు. ఆ మాట మావాడికి చెప్పొద్దని నేను అమ్మ చెవిలో అన్నాను. ఆమె విననట్టే నడిచింది.

మృగశిర కార్తె ముందురోజు ఇంటికి చేరాం. మొగులయ్య పాత నీళ్లు తీసేసి, రాయిని కొత్త నీళ్లలో రెండుసార్లు జాడించి, తొట్టి నింపాడు. అమ్మ గోడకు ఆనుకుని కాళ్లు చాపి కూర్చుని చూస్తోంది. గీత దాకా నీళ్లు వచ్చాక నోరు విప్పింది.

"సేటు నిన్ను రమ్మంటుండట. ఖోలీ ఇస్తడట."

నేను తల పట్టుకున్నాను. మొగులయ్య డబ్బా మూత బిగిస్తున్నవాడు ఆగాడు.

"నీ జాగల పండి చూసిన" అంది అమ్మ. "కాళ్లు సాగలే నాకు. నువ్వెట్ల పండినవో." తొట్టి వైపు చెయ్యి చూపింది. "గీ రాయి బతికితే ఉంటనంటివి. రాయి మీద పెట్టకు బిడ్డా. ఉండాలనుంటే ఉండు, పోవాలనుంటే చెప్పి పో. ఇగ నాకు భయం లేదు. తోవ ఎరుకనే నాకు. యాదికొస్తే బస్సెక్కి నేనే వస్త."

వాడు డబ్బా కింద పెట్టి, అమ్మ చాచిన కాళ్ల మీద తల పెట్టుకున్నాడు. ఊరికి వచ్చాక వాడు ఏడవడం అదే మొదలు. నీలమ్మ నన్ను భుజం పట్టుకుని గదిలోంచి అవతలికి తెచ్చింది.

పగడం బతికిందా అని అందరూ అడుగుతారు నన్ను. సగం పోయింది, సగం బతికింది. మిగిలిన గుండీలు మొదటిసారి పూర్తిగా తెరుచుకోవడానికి పది రోజులు పట్టింది. రానని సేటుకు ఉత్తరం మాత్రం వాడు నాలుగో రోజునే రాశాడు. పోస్టు డబ్బాలో వేసింది నేనే.